తొమ్మిదిన్నర మార్కుల రైలు

మా ఇంటికి కొత్త టీవీ ఇంకా ఎందుకు రాలేదని మీరు ఎప్పుడడిగినా నేను మాట మార్చేస్తున్నాను. మా ఆవిడను అడిగితే నవ్వి ఊరుకుంటోందట. ఆ నవ్వుకి మీరు ఏవేవో అర్థాలు తీసేలోగా జరిగింది నేనే చెప్పేస్తే మంచిది.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో రంగులు చూసే మనిషినని మీకు తెలుసు. పెళ్లి కార్డు మీద ఎరుపు ఎరుపుగా పడిందా, బంగారు గీత పక్కకు జరిగిందా అన్నది చూడటం నా పని. అక్షరాలు చదవడం నా పని కాదు. ఒకసారి పెళ్లికూతురి పేరుండాల్సిన చోట కూడా పెళ్లికొడుకు పేరే పడింది. నేను భూతద్దం పెట్టి మరీ చూసి, బ్రహ్మాండమని సంతకం పెట్టాను. పెళ్లివారు వచ్చి కౌంటరు బద్దలయ్యేలా అరుస్తుంటే, "ఆ ఎరుపు ఎంత బాగా కుదిరిందో చూశారా" అన్నానట. మా ఓనరు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ కళ్లు కుదురుగా ఉండవు. హిందీ సినిమాల బ్లూరే డిస్కులు తెప్పించుకుని, బొమ్మ ఎలా ఉంది, శబ్దం ఎలా ఉంది అని చూసి, పదికి ఇన్ని మార్కులని ఇంటర్నెట్‌లో రాస్తుంటాను. జీతం లేదు, భత్యం లేదు. చదివినవాళ్లు "గురువుగారూ" అంటారు. ప్రెస్సులో నన్ను ఆ మాట ఎవరూ అనరు.

మా ఇంట్లో సినిమాలకు పేర్లుండవు. వాన సినిమా, సొరంగం సినిమా, రైలు సినిమా, అంతే. వాన సినిమాలో వాన మన నెత్తిన పడ్డట్టు వినిపించాలి. సొరంగం సినిమాలో నలుపు నల్లగా ఉండాలి. రైలు సినిమాలో రైలు ఎడమ స్పీకర్లో కూత వేసి, మన వీపు వెనక నుంచి వెళ్లి, కుడి స్పీకర్లోంచి బయటపడాలి. అది వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద నిశ్శబ్దమే. నిశ్శబ్దానికి మార్కులేం వేస్తాం? అందుకని వెనక్కి తిప్పి రైలును మళ్లీ రప్పిస్తాను.

ఇంకో సంగతి. శబ్దం సరిగ్గా చేరే చోటు గదిలో ఒక్కటే ఉంటుంది, అక్కడ ఒక్క కుర్చీయే పడుతుంది. అది నాది. మా ఆవిడ మూల సోఫాలో కూర్చునేది. నేను ఒక్క సీను చూసేలోపు ఆవిడ గంపెడు బట్టలు మడతపెట్టేది. కొన్నాళ్లకు బట్టలు లోపలి గదిలో మడతపెట్టుకోవడం మొదలుపెట్టింది. స్పీకర్లకు అడ్డం తొలగిందని నేను సంబరపడ్డాను.

ఆవిడ ఓ స్కూల్లో లైబ్రరీ చూస్తుంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది. పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాన్ని ముందు చివరి పేజీ తెరిచి చూస్తుంది, ఎవరైనా చింపేశారేమోనని. ఈ ముక్క గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోకపోవడం వల్లే ఇంత జరిగింది.

అసలు గొడవ కొత్త టీవీ దగ్గర మొదలైంది. గోడంత టీవీ ఒకటి షాపులో చూసినప్పటినుంచి మా టీవీ నా కంటికి ఆనడం లేదు.

"ఈ టీవీ పనైపోయింది. సొరంగం చూడు, బూడిద పోసినట్టుంది," అన్నాను ఓ రోజు.

"ఆ సొరంగంలోకి వెళ్తున్నది ఎవరు?"

"ఎవరైతే ఏం. నలుపు చూడు."

"నలుపు చూడ్డానికి టీవీ ఎందుకండీ. ఆపేస్తే సరిపోతుంది."

ఓ వారం ముఖం మాడ్చుకుని తిరిగాను. ఆవిడ దానికి కూడా పదికి రెండు మార్కులే వేసింది. తర్వాత రూటు మార్చి, ఇదంతా ఆవిడ కోసమే అన్నాను.

"పాపం, బొమ్మ కింద పడే సబ్‌టైటిళ్ల అక్షరాలు నీకు కనబడటం లేదు కదా."

"కనబడకపోవడమేంటి. నలుపు పాడవుతుందని మీరే కదా వాటిని తీసేసేది."

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి సోఫాలో కూర్చుంది.

"మనిద్దరం కలిసి చివరిదాకా చూసిన సినిమా ఒక్కటి చెప్పండి."

నేను పైకి చూశాను. సీలింగు మీద ఏ సినిమా పేరూ రాసిలేదు.

"సరే, టీవీ కొందాం," అంది. నా చూపు అప్పుడే గోడను కొలవసాగింది. "కానీ ఒక సినిమా నాతో కూర్చుని చూడాలి. ఆపకూడదు, వెనక్కి తిప్పకూడదు, అక్షరాలు తీసెయ్యకూడదు. ఆ కుర్చీలో కాదు, ఇక్కడ, నా పక్కన. చివరిదాకా చూస్తే ఆ సాయంత్రమే షాపుకెళ్దాం."

"చివరిదాకా చూస్తే చాలా?"

"చాలు. సినిమా మాత్రం నేను చెప్తాను. ఆ రైలు సినిమా."

నేను లోలోపల ఎగిరి గంతేశాను. నేను తొమ్మిదిన్నర వేసిన డిస్కు అది. రెండున్నర గంటలు నోరు మూసుకుంటే గోడంత టీవీ. ఇంత తేలిగ్గా బుట్టలో పడిందేమిటా అని మా ఆవిడ మీద జాలి కూడా వేసింది.

ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేశాం. రిమోటు ఆవిడ ఒళ్లో ఉంది. పాత రిమోటు ఒకటి నా దిండు కింద ఉంది. మరీ నిప్పు మీద కూర్చున్నట్టుంటే ఒక్కసారి ఆపి, కరెంటు తేడా చేసిందని చెప్పొచ్చు కదా.

"ఆ గోడ మీద సన్నటి రేణువులు చూశావా? ఫిల్ము మీదవి. డిస్కు చేసినవాళ్లు ఒక్కటి కూడా చెరిపెయ్యలేదు," అన్నాను ఉండబట్టలేక.

"ఆ గోడ ముందు ఒక అమ్మాయి ఏడుస్తోంది. చూశారా?"

చూడలేదు. చూద్దామని దిండు కింద చెయ్యిపెట్టి మీట నొక్కాను. బొమ్మ ఆగింది.

"అయ్యో, కరెంటు..."

మా ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపింది. పాత రిమోటు ఇచ్చాను. చెయ్యి అలాగే ఉంది. ఫోనుతో కూడా టీవీని ఆపొచ్చని ఆవిడకు ఎవరు చెప్పారో, అదీ ఇచ్చాను.

ఇక చేసేదేమీ లేక సినిమా చూశాను.

అందులో హీరోయిన్ ఓ స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చే పోయే రైళ్ల గురించి చెబుతుంటుంది. మొగుడికి ఆమె గొంతంటే ప్రాణం. మాట మాత్రం వినడు. ఓ రోజు చిన్నదానికి పెద్దగా పోట్లాడుకుని, వాడు పెట్టె తీసుకుని స్టేషనుకు వచ్చేస్తాడు. నేను ఇన్నాళ్లూ ఎడమ స్పీకర్లోంచి కుడి స్పీకర్లోకి తోలిన రైల్లో ఎక్కింది వాడేనండి. ఆ రైలు బయలుదేరుతోందని మైకులో చెప్పింది ఆమే. చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఒక్క క్షణం వణికింది.

ఆ వణుకు నాకు బాగా తెలుసు. 'మధ్య స్పీకర్లో చిన్న లోపం' అని రాసి అర మార్కు కోసింది దానికే.

నా ముఖం వేడెక్కింది. పక్కకు చూస్తే మా ఆవిడ నన్నే చూస్తోంది.

ఆ తర్వాత రైలెళ్లిపోయిన ప్లాట్‌ఫారం. నేనెప్పుడూ వినని నిశ్శబ్దం. ఆమె మైకు గదిలోంచి బయటికొచ్చి ఖాళీ పట్టాల కేసి చూస్తూ నిలబడింది. రేణువుల సంగతి ఎప్పుడు మర్చిపోయానో కూడా తెలీదు.

ఏళ్లు గడిచాయి. వాడు అదే స్టేషన్ మీదుగా పోయే రైల్లో కిటికీ పక్కన కునుకు తీస్తున్నాడు. రైలు నెమ్మదించింది. బయట ఆమె గొంతు వినిపించింది. వాడు ఉలిక్కిపడి లేచాడు. తలుపు దగ్గరికి వచ్చి కడ్డీ పట్టుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

అంతే, బొమ్మ ఆగిపోయింది. వాడి ముఖం గళ్లగళ్లుగా విడిపోయి, టీవీ అంతా బూడిద రంగుకు తిరిగింది.

"ఎందుకు ఆపావు?" అని అరిచాను.

"నేనా? రిమోట్లు సోఫా మీదే ఉన్నాయి, చూడండి."

డిస్కు తీసి తుడిచాను. మెత్తటి గుడ్డతో తుడిచాను, ఊది తుడిచాను. వాడి కాలు మెట్టు మీదే ఉంది, కిందకు దిగడం లేదు. నాకు చెమటలు పట్టాయి. ఇది టీవీ కోసం పట్టిన చెమట కాదు, ఒట్టు. వాడు దిగాడో లేదో తెలియాలి.

నాలాగే డిస్కులకు మార్కులేసే పళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆయనకు ఫోన్ చేశాను. స్పీకర్లో దడదడ వస్తే తప్ప ఆయన సినిమా చూడడు. తన దగ్గరికి వచ్చేవాళ్ల దవడలు అదిరితే ఫీజు తీసుకుంటాడు, తన దవడ అదిరితే మార్కులిస్తాడు.

"రైలు సినిమా చివర ఏమవుతుందండీ?"

"చివరా? చివర ఏముంటుంది గురువుగారూ, పేర్లు పడతాయి."

"ఆ పేర్లు పడే ముందు?"

ఆయన డిస్కు పెట్టి చూస్తానన్నాడు. తర్వాత మాలో మూడోవాడైన లెక్కల మాస్టారుకు చేశాను. ఆయనకు నలుపు పిచ్చి. ఆ సినిమాలో రాత్రి సీన్లు తప్ప ఏవీ చూడలేదన్నాడు. పగలు జరిగే కథతో తనకు సంబంధం లేదన్నాడు.

ఇద్దరూ తమ తమ డిస్కులు పట్టుకుని పరుగున వచ్చారు. డాక్టరుగారి డిస్కులో వాడి కాలు మెట్టు మీదే ఆగింది. మాస్టారి డిస్కులోనూ అంతే. ఎక్కడో తయారీలోనే తేడా జరిగింది. మా ముగ్గురి మార్కులూ చూసి కొన్నవాళ్లు బోలెడుమంది. ఒక్కడంటే ఒక్కడు ఫిర్యాదు చేయలేదు. అంటే వాళ్లూ మాలాంటివాళ్లే. ముగ్గురం టీవీ ముందు నిలబడి, ఎవరి ముఖం ఎవరూ చూసుకోలేదు.

"దిగుతాడండి. దిగకపోతే వెనక ఆ వాయిద్యాలు ఎందుకలా పెరుగుతాయి?" అన్నాడు డాక్టరు.

"అది ఆగే రైలు కాదు. నెమ్మదిస్తుంది, అంతే. దూకితే కాలు విరుగుతుంది," అన్నాడు మాస్టారు.

"విరిగితే విరగనివ్వండి మాస్టారూ. భార్య కంటేనా?"

ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే డాక్టరు గొంతు పెంచాడు. మాస్టారు రైలు వేగం లెక్క కట్టడం మొదలుపెట్టాడు. నేను మధ్యలో దిగుతాడని ఒకసారి, దిగడని ఒకసారి అంటున్నాను. ఇంతలో మా ఆవిడ టీ కప్పులు తెచ్చి మా మధ్య పెట్టింది.

"మీరు చెప్పండి చెల్లెమ్మా. ఏమవుతుందంటారు?" అన్నాడు డాక్టరు.

ఆవిడ సోఫాలో తన మూలకు వెళ్లి కూర్చుంది.

"దిగుతాడు అన్నయ్యగారూ. కాలేమీ విరగదు. దిగి, మైకు గదిలోకి వస్తాడు. తప్పయిందనీ అనడు, ఎలా ఉన్నావనీ అడగడు. ఆమె పక్కన ఒక కుర్చీ ఎప్పటినుంచో ఖాళీగా ఉంటుంది. అందులో కూర్చుంటాడు. ఆమె తర్వాతి రైలు గురించి మైకులో చెబుతుంది. ఈసారి గొంతు వణకదు. అంతే."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మాస్టారు టీ చల్లారిపోయినా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నేను గది మధ్యలో ఉన్న నా కుర్చీ కేసి చూశాను. దాని పక్కన రెండో కుర్చీ పెట్టడానికి నిజంగానే చోటు లేదు. నేనే లేకుండా చేశాను.

వాళ్లు వెళ్లాక నెమ్మదిగా అడిగాను.

"నువ్వు ఇది ముందే చూశావు కదూ?"

"తిరిగొచ్చిన పుస్తకమైనా కొత్త డిస్కైనా చివర చూడకుండా నేను బీరువాలో పెట్టను. మధ్యాహ్నాలు ఖాళీయే కదా."

"మరి ఆగిపోతుందని చెప్పలేదేం?"

"చెబితే మార్చి ఇంకోటి తెచ్చుకునేవారు. నా పక్కన కూర్చునేవారా?"

కాసేపు తల గోక్కున్నాను. అయినా ఆశ చావదు కదా.

"సాయంత్రం షాపు తెరిచే ఉంటుంది," అన్నాను.

"దేనికి?"

"చూశాను కదా, సినిమా."

"చివరిదాకా అన్నాను."

"దానికి చివర లేదు కదే."

"లేదు మరి," అని కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

అలా అడ్డంగా దొరికిపోయాను. ఆ రోజే పాత రివ్యూ తీసేసి కొత్తది రాశాను. చివర లేని డిస్కుకు మార్కులు వేసినందుకు క్షమించమన్నాను. మధ్య స్పీకర్లో లోపం లేదనీ, కోసిన అర మార్కు ఆ అమ్మాయి గొంతుకు తిరిగి ఇచ్చేస్తున్నాననీ రాశాను. దాని కింద మొదట "గురువుగారూ, ఇంతకీ దిగాడా?" అని ఒకరు అడిగారు. ఆ తర్వాత అందరిదీ అదే ప్రశ్న. అందరికీ మా ఆవిడ సొంతంగా అల్లి చెప్పిన చివరే చెప్పాను.

మర్నాడు బీరువా ముందు నిలబడి ఆవిడ తాపీగా ఇంకో మాట అంది.

"వీటిలో ఇంకా కొన్నిటికి చివర లేదండోయ్."

"ఏవి?"

"అది నేను చెప్పను. కూర్చుని చూసుకోండి."

గురువుగారి పరువు మరి. ప్రతి ఆదివారం ఒక సినిమా, మొదటి నుంచి పేర్లు పడేదాకా, మూల సోఫాలో చూస్తున్నాం. ఇప్పటిదాకా ఒక్కటి కూడా మధ్యలో ఆగలేదు. మిగతావీ ఆగవని నాకు ఎప్పుడో అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఆవిడకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆ మూల నుంచి నాకు కుడి స్పీకరొక్కటే వినబడుతుంది. ఎడమవైపు ఆవిడ కూర్చుని, ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతూ ఉంటుంది.