పట్టకూడదనుకున్న కాయ

పని తప్పించుకోవాలంటే చేయనని చెప్పకూడదు, చేసి చెడగొట్టాలి. పటమటలో జోయెల్ సంసారం ఈ సూత్రం మీదే హాయిగా నడుస్తోంది. రెండు గ్లాసులు పగలగొట్టి అంట్ల నుంచి, పులుసులో రెండుసార్లు ఉప్పు వేసి వంట నుంచి అతను ఏనాడో గౌరవంగా రిటైరయ్యాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే భార్య కృప అతని చేతిలో గోనెసంచి పెట్టింది.

“మేడ వరండాలోంచి నేను దోటితో ఆవకాయకి కాయలు కోస్తాను. మీరు కింద నిలబడి సంచిలో పట్టండి. దెబ్బ తగిలిన కాయ ఒక్కటి కలిసినా జాడీ అంతా బూజే!”

“ఇవాళ ఫైనల్ మ్యాచ్ ఉందే!”

“అందుకేగా ఇప్పుడే మొదలెడదామంటున్నాను.”

జోయెల్ సంచి విప్పి మామిడిచెట్టు కింద నిలబడ్డాడు. ఒక్క కాయ నేలపాలైతే చాలు, ‘మీ వల్ల కాదు, వెళ్లండి’ అని ఆవిడే తరిమేస్తుంది.

టక్కున తొడిమ తెగింది. కదలకూడదని జోయెల్ గట్టిగా అనుకున్నాడు. చేతులు అనుకోలేదు. కాయ సంచిలో పడింది.

“భలే పట్టారండీ!”

రెండో కాయకి ఆలస్యంగా చాపుదామనుకున్నాడు. ‘ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు’ అనుకుంటూ ఉండగానే సంచి వెళ్లి సరిగ్గా కాయ కింద నిలబడింది. మూడోదానికి మొహం తిప్పుకున్నాడు. కంటికొసకి ఏం కనబడిందో ఏమో, అదీ సంచిలోనే. పుట్టినప్పటి నుంచీ పడేవాటిని చూసీ చూసీ ఆ చేతులు లెక్క నేర్చేసుకున్నట్టున్నాయి, యజమానిని అడగడం మానేశాయి.

పక్కింటి శౌరమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

“ఏం టైమింగ్ అన్నయ్యగారూ! మా చెట్టుకి కూడా మీరే రావాలి.”

జోయెల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఎదురింటి టీవీలో టాస్ వేస్తున్న గోల వినిపిస్తోంది. ఇక లాభం లేదని సంచి కింద పారేసి, చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు. తర్వాతి కాయ ధబ్బున నేలమీద పడి పగిలింది.

“అయ్యయ్యో! చూపు ఆనడం లేదే కృపా. వయసైపోతోంది. నా వల్ల కాదింక.”

“పోనీలెండి పాపం,” అంటూ కృప లోపలికి వెళ్లింది. జోయెల్‌కి ప్రాణం లేచొచ్చింది. మెట్లవైపు నడిచాడు.

“ఏవండీ!”

తలెత్తాడు. కృప పిట్టగోడ మీంచి చెయ్యి చాపి ఉంది. ఆ చేతిలోంచి టీవీ రిమోట్ జారింది.

ఎలా ఎగిరాడో అతనికే తెలియదు. మల్లె కుండీ, గులాబీ కుండీ రెండూ దాటేసి, దాన్ని రెండు చేతులా పట్టి గుండెకి హత్తుకున్నాడు. శౌరమ్మ చప్పట్లు కొట్టింది.

“చూపు బాగానే ఆనుతోందిగా!” అంది కృప పైనుంచి. “ సంచి తియ్యండి. మనది అయ్యాక శౌరమ్మగారి చెట్టు.”

“మరి మ్యాచో?”

“మధ్యమధ్య లోపలికెళ్లి నేను చూసి స్కోరు చెబుతాలెండి. రిమోట్ ఇలా విసరండి.”

జోయెల్ కసిగా విసిరాడు. కృప అప్పటికే దోటి అందుకోవడానికి అటు తిరిగింది. తల తిప్పకుండానే, ఎడంచేత్తో పట్టుకుంది.