గుర్రమా, రొట్టెలా?

పద్దెనిమిదేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన వంశీధర్‌రావు ఒక సోమవారం రాజీనామా పారేసి, కరీంనగర్‌లో ఉన్న సొంతింటికి వచ్చేశాడు.

"ఇగ కొత్త కంపెనీలు పెట్టేటోళ్లకు పైసలిస్త. వాళ్లు పెరుగుతరు, వాళ్లతోటి నేనూ పెరుగుత," అన్నాడు భార్య మనోరమతో.

"నడుము దగ్గర ఇప్పటికే మస్తు పెరిగిండ్రు," అందామె.

మనోరమ సర్కారు బడిలో లెక్కల టీచరు. హైదరాబాద్ ఫ్లాటు అమ్మగా వచ్చిన డబ్బులో సగం ముందే తన ఖాతాలో వేసేసుకుంది. మిగతా సగంతో మన రావుగారు రంగంలోకి దిగాడు. సోఫా పడగ్గదిలోకి పోయింది, ముందు గది ఆఫీసయింది, గేటు మీద బోర్డు లేచింది: 'మీ ఆలోచన, మా పెట్టుబడి.'

"వచ్చేటోళ్లకు జర చాయ్ పెట్టు."

"పెట్టుబడి మీదే గద, చాయ్ గూడ మీరే పెట్టుండ్రి!"

మొదటగా వచ్చింది వీధి చివరి కమలవ్వ, మనవరాలి చెయ్యి పట్టుకుని.

"బడి పెడుతున్నవట గద బిడ్డా! మా పొల్లను ఒకటో తరగతిల రాసుకో."

పెట్టుబడికి బళ్లో పని లేదని అరగంట వివరించాడు. "ఫీజు ఎక్కువని చెప్పరాదు, గింత తిరకాసెందుకు!" అని ఆమె విసురుగా వెళ్లిపోయింది.

తర్వాత పక్కింటి షాజాదీ బేగం వచ్చింది. సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుందామె. "భాయ్‌సాబ్, ఇంకో నాలుగు పొయ్యిలు పెడితె హాస్టల్ పిల్లలందరికీ రొట్టెలు పంపుత."

"రొట్టెల టెక్నాలజీ ఏముందమ్మా?" అన్నాడు రావు.

"చెయ్యి," అందామె అరచెయ్యి చూపించి.

ఆయనకు నచ్చలేదు. నచ్చింది హుజూరాబాద్ కరుణాకర్. పెళ్లికొడుకులకు ఫోన్లోనే గుర్రం బుక్ చేసే యాప్ పెడతానన్నాడు. నమూనాకు తెల్లగుర్రాన్ని వెంట తెచ్చాడు కూడా. అది పెరట్లో కరివేపాకు చెట్టును మోడు చేస్తుండగానే రావు చెక్కు రాసిచ్చేశాడు.

"రొట్టెలు ఒద్దని గుర్రానికిచ్చిండ్రా?" మనోరమ గుడ్లురిమింది. "సరే. నా సగం షాజాదీకి పెడుత."

"మునిగిపోతవ్!"

"నా పైసలు, నా ఇష్టం. మునిగినా నేనే, తేలినా నేనే."

పదిరోజులకే మూఢం వచ్చింది. మూడు నెలలు పెళ్లిళ్లు బంద్. కరుణాకర్ గుర్రాన్ని రావు పెరట్లో కట్టేసి, "మేత జర చూస్కోండ్రి సార్" అని మాయమయ్యాడు. ఇన్వెస్టరుగారు పొద్దున్నే లేచి పెంట ఎత్తసాగాడు.

అవతల గోడ పక్కన పొయ్యిలు ఐదయ్యాయి, తర్వాత పదకొండయ్యాయి. పన్నెండు మంది ఆడవాళ్లు పనిలో చేరారు. మనోరమ బడి నుంచి వచ్చి అక్కడే ఉండేది.

ఒక సాయంత్రం రావు గొంతు సవరించుకున్నాడు. "మీ కంపెనీల నేనూ జర పైసలు పెడుత."

"పైసలు మాకున్నయి," అంది మనోరమ. "ఆర్డర్లే ఫోన్ల గలీబిలి అయితున్నయి, ఒకరివి ఇంకొకరికి పోతున్నయి. కంప్యూటర్ తెలిసిన మనిషి గావాలె."

"నేను ఇన్వెస్టర్ను! నౌకరి చెయ్య!"

"ఎవలు జెయ్యమన్నరు? బుధవారం ఇంటర్వ్యూ. ఇద్దరు పిలగాండ్లు వస్తున్నరు."

బుధవారం తొమ్మిదింటికి షాజాదీ బేగం వరండాలో ముగ్గురు కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, చంకలో సర్టిఫికెట్ల ఫైలుతో మొదటి కుర్చీలో ఉన్నది మన రావుగారే.

లోపలికి పిలిచారు. మనోరమ కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"కూసోండ్రి. పేరు?"

ఆయన ఒకసారి షాజాదీ వైపు, ఒకసారి తలుపు వైపు చూశాడు. పారిపోయే దారిలో ఇంటర్వ్యూకొచ్చిన ఆ ఇద్దరు పిలగాండ్లు నవ్వాపుకుంటూ నిలబడ్డారు.

"వంశీధర్‌రావు... మేడమ్."