వెయ్యో రోజు

తొయామా రేవులో చేప ముద్దలు ఆవిరి పట్టే ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా నగీసాకు అదే మొదటి రోజు. ఉదయం ఎనిమిదింటికి చెప్పిన పని ఒకటే. గేటు దగ్గరి బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు’ కింద ఉన్న 999 తీసి 1000 పెట్టాలి. పదింటికి ఛైర్మన్ వచ్చి సాకే అనే బియ్యం సారా పీపా మూత సుత్తితో పగలగొడతాడు. అందరికీ పండగ పూట వండే ఎర్ర గింజల అన్నం.

"అప్పటిదాకా ఎవరికీ గోరు కూడా విరక్కూడదు," అన్నాడు మేనేజర్ కైజుకా. "విరిగిందా, నీ మూడు నెలల ప్రొబేషన్ ఈ పూటతో సరి."

నగీసా శిక్షణలో నేర్పినట్టే వేలు చూపించి గట్టిగా పలికింది. "నిచ్చెన సరే. హెల్మెట్ సరే." ఎక్కి చూస్తే బోర్డుకు అంకెల పలకలు తగిలించే కొక్కేలు మూడే ఉన్నాయి. చేయించినవాళ్ళు వెయ్యి మీద ఆశ పెట్టుకున్నట్టు లేదు.

"దిగమ్మా, ఒక మేకు కొడితే పోయె," అంటూ ఫోర్‌మన్ హతానో ఎక్కాడు. మొదటి దెబ్బ మేకు మీద పడింది. రెండోది పడలేదు. బొటనవేలు నేరేడు పండు రంగుకు తిరిగింది.

నగీసా ప్రమాదాల నోట్‌బుక్ తీసింది.

"రాయకు తల్లీ. నెత్తురు రాలేదుగా. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. వెయ్యో రోజు నా వేలి వల్ల పోయిందని తెలిస్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

నగీసాకు ప్రొబేషన్ గుర్తొచ్చింది. నోట్‌బుక్ జేబులోకి వెళ్ళింది. హతానో వేలు తెల్లని నూలు గ్లౌజులోకి వెళ్ళింది. కొత్త మేకుకు 1 పలక, మూడు కొక్కేలకు మూడు సున్నాలు ఎక్కాయి.

"ఆ గ్లౌజులేంటి?" అన్నాడు అటుగా వచ్చిన కైజుకా.

"కొత్త పద్ధతండీ," అనేసింది నగీసా. "పీపా పగలగొట్టేటప్పుడు గ్లౌజులుండాలి."

"మరి ఒక్కడికేనా? అందరికీ తెప్పించు. ఛైర్మన్ గారికి సరికొత్తవి."

పది కొట్టేసరికి నలభై జతల తెల్ల చేతులు బారులు తీరాయి. ఛైర్మన్ మెరిసే తోలు చెప్పుల్లో దిగాడు. నగీసా ఇనుప ముక్కు బూట్లు పట్టుకుని ముందుకు కదిలింది.

కైజుకా ఆమె మోచెయ్యి పట్టి లాగాడు. "ఛైర్మన్ గారికి పని బూట్లు తొడుగుతావా? ఉద్యోగం మీద మోజు తీరిందా నీకు?"

ఆమె బూట్లు వెనక దాచింది. ఛైర్మన్‌కు గ్లౌజులు తెగ నచ్చాయి. ఉత్సాహంగా వేలు చూపించాడు. "పీపా సరే! సుత్తి సరే!" నలభై వేళ్ళు అటే తిరిగాయి. సుత్తి పైకి లేచింది. నున్నటి పిడి కొత్త నూలులోంచి జారింది. పీపాకు ఏమీ కాలేదు.

ఛైర్మన్ కుడి కాలి వేలి ఎముక చిట్లిందనీ, నాలుగు రోజులు విశ్రాంతి కావాలనీ డాక్టరు తేల్చాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర కైజుకా నగీసాకు ధైర్యం చెప్పాడు. "బోర్డు ముట్టుకోకు. చట్టప్రకారం ఛైర్మన్ కార్మికుడు కాదు. ఆయన కాలు లెక్కలోకి రాదు."

"రాదా?"

వెనక చేతికర్ర మీద ఛైర్మన్ నిలబడి ఉన్నాడు. "పదహారో ఏట ఇక్కడ చేపలు కడగడంతో మొదలెట్టానయ్యా. నా కాలు లెక్కలోకి రాదా? నువ్వు చెప్పమ్మా. సేఫ్టీ ఆఫీసరువి నువ్వు కదా."

కైజుకా కళ్ళతోనే బతిమాలాడు. నగీసా నోట్‌బుక్ బయటికి తీసింది.

"వస్తుందండీ. బూట్లు ఇవ్వకపోవడం నా తప్పు. గ్లౌజుల పద్ధతి నేను పుట్టించిందే."

"దానికి కారణం ఇది," అంటూ హతానో గ్లౌజు ఊడదీశాడు.

ఛైర్మన్ ఆ వేలినీ తన కాలినీ మార్చి మార్చి చూశాడు. రంగు ఒకటే.

"రెండూ రాయి," అన్నాడు. "ఇకమీదట గేటు దగ్గర నాకు బూట్లు నువ్వే ఇవ్వాలి. ఎవరు లాగినా సరే."

కొత్త పలకల కోసం వెతుక్కునే పని లేకపోయింది. నగీసా నిచ్చెన సరే అనుకుని ఎక్కి, హతానో కొట్టిన మేకు నుంచి 1 పలక తీసి, మూడు సున్నాలూ అలాగే ఉంచి దిగింది.