పన్నెండింటిలోగా పాస్‌వర్డ్

ఆ ఉదయం సర్వేయరు పథకం చాలా సులువైనది. తొమ్మిదిన్నరకు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోవాలి, వంతెన మ్యాపును చివరిసారి చూసుకోవాలి, పదింటికల్లా వంతెన ఎలా కట్టాలో తేల్చే కమిటీకి పంపేయాలి. గడువు మధ్యాహ్నం పన్నెండు. పద్దెనిమిదేళ్లుగా ఆయన ఎండలో తిరిగి గీసిన ప్రతి మ్యాపు మీదా పై అధికారి పేరే పడింది. ఈసారి మొదటిసారిగా కింది మూలన తన పేరు ఉంది.

తొమ్మిది ఇరవైకి కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది. పది రోజులుగా ఆపకుండా నడుస్తున్న కంప్యూటరు మళ్లీ వెలిగి, నల్లటి తెర మీద ఒకే ఒక్క ప్రశ్న వేసింది. పాస్‌వర్డ్?

అది ఆయనకు తెలియదు. సరిగ్గా చెప్పాలంటే తెలుసు, మర్చిపోయాడు. ఆఫీసులో పక్క సీటాయన అప్పుడప్పుడూ ఇంటికొచ్చి తెరలోకి తొంగిచూస్తున్నాడని, "ఎవరడిగినా చెప్పకూడదు, అలాంటిదేదో నువ్వే పెట్టేయ్" అని భార్యకు అప్పగించాడు. ఆమె పెట్టింది. ఏం పెట్టిందో చెప్పింది కూడా. ఆ క్షణంలో ఆయన నది వంపు గీస్తూ "ఊఁ" అన్నాడు.

తన పుట్టినరోజు కొట్టాడు. కాదంది. ఆమె పుట్టినరోజు కొట్టాడు. కాదంది. పెళ్లిరోజు గుర్తు తెచ్చుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది, అదీ కాదంది. మూడో తప్పుకు కంప్యూటరు మొరాయించి కూర్చుంది.

భార్య ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఫోను స్పీకర్లో పెట్టి ఎత్తింది.

"పాస్‌వర్డ్ ఏంటి?"

"చెప్పను."

"ఏంటీ?"

"చెప్పను అండీ! త్వరగా కానివ్వండి, ఇక్కడ పేషెంటు కాలు గాల్లో ఉంది."

"నాక్కూడానా?"

"మీకైనా నాకైనా ఒకటేగా! ఎవరడిగినా చెప్పకూడదని మీరే అన్నారు, అందుకే..." ఫోను పెట్టేసింది.

సర్వేయరుకు ఒకటే అర్థమైంది. ఆమెకు కోపం వచ్చింది. దేనికి? కారణాలు వెతికితే ఒకటి కాదు, వరసగా దొరుకుతున్నాయి. ఎందుకైనా మంచిదని ముందు మెకానిక్కును పిలిచాడు.

మెకానిక్కు పదిన్నరకు వచ్చి, పెట్టె పక్క రేకు ఊడదీసి, లోపలి దుమ్ము చూసి దండం పెట్టాడు. "సార్, ఇందులో ఓ కుటుంబం కాపురం పెట్టొచ్చు."

"పాస్‌వర్డ్ సంగతి చూడవయ్యా!"

"లోపల బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. తీసి, కాసేపాగి పెడితే పాస్‌వర్డ్ మర్చిపోద్ది."

"మ్యాపు కూడానా?"

"మ్యాపెక్కడికీ పోదు. కానీ బోర్డు బాగా పాతది. క్లిప్పు విరిగిందా, ఇవాళ్టికి లేవదు. మేడమ్ గారిని బతిమాలుకోవడమే మేలు." అంటూ పెట్టెను ఆపి మళ్లీ వెలిగించాడు. తెర మీద పాత ప్రశ్నే తిరిగొచ్చింది.

పదకొండుంబావు. సర్వేయరు గొంతు సవరించుకుని ఫోను చేశాడు. "నీ కోపం నాకు తెలుసు. గులాబీ కుండీ పిల్లి పడేయలేదు. నేనే."

అవతల నుంచి ఒకటే మాట. "ఇంకా?"

"నువ్వు అల్లిన స్వెట్టరు బస్సులో పోలేదు. సర్వే పరికరానికి చుట్టాను. వానలో తడుస్తోందని."

"ఇంకా?"

ఆమె వెనక నుంచి పేషెంటు గొంతు వినబడింది. "కాలు దించకండి మేడమ్, పర్లేదు. విననివ్వండి."

ఆమె ఫోను పెట్టేసి, రెండు వీధుల అవతల ఉండే తండ్రికి చేసింది. "నాన్నా, ఆయన ధోరణి బాలేదు. అడక్కుండానే తప్పులు ఒప్పుకుంటున్నారు. ఒకసారి వెళ్లి చూడవా?"

మామగారు ముప్పయ్యేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఏ కొంప మునిగిందోనని కుడి చెప్పు ఎడమకు, ఎడమది కుడికి తొడుక్కుని పరుగెత్తారు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అల్లుడు గోడవైపు తిరిగి, మళ్లీ భార్యకు ఫోను కలిపి, స్పీకర్లో మూడో విడత మొదలుపెట్టాడు.

"ఆఖరిది. మీ నాన్నగారి టైపు మిషను రిపేరుకు వెళ్లలేదు. పాత సామాన్లవాడికి ఇచ్చేశాను."

"ఎప్పుడు?" వెనక నుంచి మామగారి గొంతు.

సర్వేయరు వెనక్కి తిరిగాడు. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో సహా పక్కకు జరిగాడు.

"మావయ్యగారూ..."

"ఎప్పుడిచ్చావయ్యా?"

"పోయిన వేసవిలోనండీ."

మామగారు కంప్యూటరు కుర్చీలో కూలబడ్డారు. దిగులొచ్చినప్పుడు ఆయన చేతులు మీటలనే వెతుక్కుంటాయి. ఇప్పుడూ అలాగే కీబోర్డు మీద వాలాయి. గడియారం పన్నెండుకు పది చూపిస్తోంది.

సర్వేయరు ఫోన్లోకి అరిచాడు. "నీకు పుణ్యముంటుంది! ఇక దాచిందేమీ లేదు! పాస్‌వర్డ్ ఏంటి?"

"చెప్పను!"

కూతురి గొంతు ఖంగుమనగానే టైపు మాస్టారి వేళ్లు అది డిక్టేషను అనుకున్నాయి. టకటకా ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. మాట పూర్తయింది కనుక చిటికెన వేలు అలవాటుగా ఎంటర్ నొక్కింది.

పెట్టె గుర్రుమంది. నల్లతెర పోయింది. కాసేపటికి తెర నిండా రంగులు విచ్చుకున్నాయి.

"ఏం కొట్టారు మావయ్యగారూ?"

"అది చెప్పిందే కొట్టాను."

"ఏం చెప్పింది?"

"చెప్పను."

"మీరు కూడానా!"

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ!" ఫోన్లోంచి భార్య అరిచింది. "పాస్‌వర్డే 'చెప్పను'! ఆ రోజే చెప్పాను!"

మెకానిక్కు స్క్రూడ్రైవరుతో నుదురు గోక్కున్నాడు. "చెప్పను అన్నా, చెప్పాను అన్నా ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే సార్. ఏది కొట్టినా తెరుచుకునేది."

సర్వేయరుకు ఆ వ్యాకరణం వినే తీరిక లేదు. మామగారి భుజం మీదుగా వంగి మ్యాపు తెరిచాడు. వంతెన ఉంది, నది ఉంది, మూలన తన పేరుంది. పన్నెండుకు మూడు నిమిషాలుండగా పంపాడు. ఒక నిమిషం తర్వాత 'అందింది' అని జవాబు వచ్చింది. ఆయన మెకానిక్కును కావలించుకుని గాల్లోకి ఎత్తాడు.

నాలుగింటికి కమిటీ నుంచి ఫోను. వంతెన ఆయన మ్యాపు ప్రకారమే కడతారు. పేరు మార్చకుండా అచ్చు వేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చిన భార్య ఆ మూలనున్న అక్షరాలను వేలితో తడిమి, "కుండీ సంగతి రేపు మాట్లాడుకుందాం" అంది. అంతకన్నా పెద్ద క్షమాభిక్ష ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ దక్కలేదు.

మామగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "మీటలు వెన్నలా దిగుతున్నాయి అల్లుడూ. నా మిషనుకు బదులు ఇది చాల్లే. రేపట్నుంచి పొద్దున్నే వస్తాను."

ఇప్పుడు సర్వేయరును నిద్రలేపి అడిగినా పాస్‌వర్డ్ తడుముకోకుండా చెబుతాడు. కంప్యూటరు ముట్టుకోవడానికి మాత్రం సాయంత్రం దాకా ఆగాలి.