చుక్క దిగని డెక్కు

ఆదివారం పొద్దున్నే లేచి డెక్కు పని ఆ పూటలోనే ముగించేద్దామనుకున్నాడు మల్లేశు. దీవిలోని హోప్ టౌన్‌లో అతని ఇంటి ముందు, సముద్రం వైపు, గుంజల మీద నిలబెట్టిన చెక్కల డెక్కు ఉంది. కిందటి వానల్లో ఓ చెక్క పుచ్చి, భార్య గురమ్మ కాలు మోకాలి దాకా దిగిపోయింది. తర్వాత ఆమె, కాలు విరిగిన అక్కను చూసుకోవడానికని భీమిలి వెళ్లింది. నెలకని వెళ్లింది, ఐదు నెలలైంది. ఓడ వచ్చినప్పుడల్లా, ఎప్పుడొస్తావని అతను ఫోన్ చేసి అడుగుతాడు. "ముందు ఆ సెక్కలు బాగుసెయ్యయ్యా. తర్వాత సూద్దాం" అంటుందామె. ఆమె కూర్చునే ప్లాస్టిక్ కుర్చీని అతను ఇన్నాళ్లూ కదపలేదు. పని కోసం ఆ రోజే కదిపాడు.

మల్లేశు పడవలు బాగుచేసేవాడు. నలభై ఏళ్లుగా అతని పనిలో నీరు బయట ఉండాలి, మనిషి లోపల ఉండాలి. అందుకని కొత్త చెక్కలు వేసి, సందుల్లో నూనె పట్టించిన దూది దట్టించి, పైన గుగ్గిలం కాచి పోశాడు. జల్లు కొట్టి కింది దూలాలు తడవకుండా చుట్టూ జానెడెత్తు పలక కూడా బిగించాడు.

ఎదురింటి బేబీరాణి గుమ్మంలోంచి చూసింది. "అరే భయ్యా, సందులన్నీ మూసేస్తే పైన పడ్డ నీళ్లు ఎటు పోతాయి?"

"సుక్క దిగదు!" అన్నాడు మల్లేశు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. చుక్క దిగలేదు. చీలమండల దాకా నిలిచింది. పైన టార్పాలిన్ కట్టాడు. అది చూడి గేదె పొట్టలా ఉబ్బి, తాడు తెంచుకుని, ఉన్నదంతా డెక్కు మీదే కుమ్మరించింది. గురమ్మ కుర్చీ తేలింది.

"ఒక చిల్లు పెట్టు భయ్యా. బస్, ఖతమ్!"

"నా సేత్తో బిగించిన సెక్కకి నా సేత్తోనే సిల్లా?"

డబ్బా తీసుకుని తోడడం మొదలుపెట్టాడు. వాన ఆగలేదు, అతనూ ఆగలేదు. మర్నాటికి బేబీరాణికి జాలేసి భీమిలికి ఫోన్ చేసింది.

"దీదీ, భయ్యా నిన్నటి నుంచి నీళ్లు తోడుతూనే ఉన్నాడు. నీ కుర్చీ కూడా తేలుతోంది."

గురమ్మ కళ్ల ముందు ఇల్లు మునిగిపోయింది. మొగుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతని రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. ఓడ కోసం ఆగలేక, జన్మలో ఎక్కని విమానం ఎక్కింది.

మంగళవారం ఆటో దిగేసరికి ఇల్లు పొడిగానే ఉంది. మొగుడు మాత్రం ఇంటి ముందు చెరువులో నిలబడి తోడుతున్నాడు.

"ఏటయ్యా ఇది?"

"డెక్కు. బాగుసెయ్యమన్నావు కదా."

"దీన్ని నీట్లోకి తోస్తే భీమిలి దాకా పోద్ది!"

"నాకూ అదే అనిపించింది" అన్నాడు మల్లేశు, డబ్బా వంక చూస్తూ.

గురమ్మ చీర ఎగదోపి, ఇంకో డబ్బా తెచ్చుకుని పక్కన నిలబడింది.

"అక్క ఇంకా సరిగ్గా నడవనేదు. నువ్వు ఈ సందులన్నీ ఇప్పేదాకా, సెక్కలు ఆరేదాకా ఉంటాను. ఆ మర్నాడే ఎల్లిపోతాను."

మల్లేశు తల ఊపి ఉలి పదును పెట్టడానికి కూర్చున్నాడు. వారమంతా పదును పెట్టాడు.

నెల తిరిగింది. ఇప్పటికి ఒక సందు సగం తెరుచుకుంది.