మీటకు మంజూరైన నీడ

ప్రభుత్వ యంత్రం చెడిపోదు. ఇది అందరూ ముందుగా తెలుసుకోవలసిన సంగతి. చెడిపోయిందని మనం అనుకునేటప్పుడు అది విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. అధికారి కళ్లారా చూసి, అవునని ఒప్పుకున్న తరువాతే దానికి చెడిపోయే హక్కు వస్తుంది. ఈ సత్యం తెలియక నష్టపోయినవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. సింహాద్రి వాళ్లలో ఒకడు.

మలికిపురానికి దిగువన మురుగుకాలవ ఉప్పుటేటిలో కలిసేచోట ఒక తూము ఉంది. దానికో ఇనుప తలుపు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ తలుపు మూసుకోవాలి, లేకపోతే ఉప్పునీరు ఎగదన్ని చేలలో పడుతుంది. ఒకసారి ఉప్పు తాగిన చేను మళ్లీ పంట మీదికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ వేసవిలో తలుపు మడతబందు విరిగింది. ఏరువాక పున్నమికి పెద్ద పోటు వస్తుంది కనుక ఆలోగా అతకాలి. తూముకు ఎగువన మొట్టమొదటి చేను సింహాద్రి కౌలుకు చేస్తున్నదే. అతని పెళ్లాం లోవమ్మ చెరువు నుంచి కడవలతో నీళ్లు మోసి మరీ అందులో నారు పోసింది.

సింహాద్రి కమ్మరి ఇంట పుట్టాడు. కొలిమి పెట్టుకోనిస్తే అతకడం అతనికి పెద్ద పని కాదు. అయితే సర్కారువారు వెల్డింగు తుపాకీ తెప్పించి, దాన్ని నడపడానికి అతన్ని దినకూలీగా పెట్టుకున్నారు. తుపాకీ ఉండగా సుత్తి ఎత్తడం తుపాకీని అవమానించడమని ఓవర్సీరు దుర్గారావుగారు మొదటిరోజే హెచ్చరించారు.

ఆ తుపాకీ ఏదో దేశం దానం చేసినది. (ఏ దేశమో పెట్టె మీది అక్షరాలు ఓడలోనే చెరిగిపోయాయి. అది ఎలా పనిచేస్తుందో ఆ దేశంవాళ్లకు తెలుసు, అందుకే దానం చేశారు.) ఆయిలింజను తిప్పితే కరెంటు పుట్టాలి, మీట నొక్కితే నిప్పు రావాలి, ఇనుము కరిగి అతుక్కోవాలి. తూము దగ్గర మాత్రం మీట నొక్కితే నిప్పు రాదు. విసుగెత్తి వేలు తీసేశాక వస్తుంది. వచ్చింది ఆగదు. సింహాద్రి ముంజేతి మీద వెంట్రుక అన్నది మిగల్లేదు.

దుర్గారావుగారు పైకి రాశారు. పైనుంచి మీటల విశ్వసనీయతా ప్రత్యేకాధికారి రాఘవులుగారు దయచేశారు. అధికారి వస్తున్నారని గట్టు మీద కొబ్బరాకుల పందిరి వేశారు, కుర్చీ వేశారు, బొండాలు కొట్టారు. తుపాకీని పందిట్లోకి తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"ఏదీ, నొక్కు," అన్నారు రాఘవులుగారు.

సింహాద్రి నొక్కాడు. నిప్పు వచ్చింది. వదిలాడు. ఆగింది.

"మీట బాగానే ఉందే," అన్నారు ఆయన కొంచెం నొచ్చుకుని.

"ఆయ్, తమరున్నప్పుడు బాగానే ఉంటందండి. తమరలాగే కూకోండి, ఈలోపు తలుపు అతికేత్తాను."

రాఘవులుగారు చప్పున లేచారు. ఆయన ఉద్యోగం మీట చెడడం చూడడం. పని జరగడం చూస్తే ఆ పనికి తానే బాధ్యుడు కావలసి వస్తుంది. మీట విశ్వసనీయమని సంతకం చేసి వెళ్లిపోయారు. అధికారి వెళ్లగానే నియమం ప్రకారం పందిరి పీకేశారు. పీకిన వెంటనే మీట బిగుసుకుపోయింది. మళ్లీ రాశారు, మళ్లీ పందిరి వేశారు, ఆయన మళ్లీ వచ్చారు, మీట మళ్లీ బుద్ధిమంతురాలైంది.

అసలు సంగతి ముందుగా లోవమ్మకు తట్టింది. అన్నం కేరేజీ తెచ్చి గట్టు మీద కూర్చుని ఈ తంతు చూస్తూ, "నీడనుంటే పనిచేత్తంది బావా, ఎండలో చెయ్యట్లేదు. నేనూ అంతే," అంది. నిజమే. ఎండకు తుపాకీ నల్లపిడి ఉబ్బి మీటను పట్టేస్తోంది, నీడలో వదిలేస్తోంది.

కోనసీమలో నీడకు కరువేమిటని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే తూము గట్టు సర్కారుది. చెట్లు గట్టుకు బరువని నిరుడే కొట్టించారు. పోనీ, తెల్లవారుజామున చల్లటివేళ అతుకుదామంటే, ఇంజను డ్రైవరు కచేరీ వేళకు గాని రాడు.

మర్నాడు లోవమ్మ తన తాటాకు గొడుగు తెచ్చి మీటకు పట్టింది. నిప్పు చక్కగా కురిసింది. దుర్గారావుగారు పరుగున వచ్చారు.

"ఆపవోయ్ సింహాద్రీ. ఈవిడ ఎవరు?"

"నా ఇంటిదండి."

"సర్కారు యంత్రానికి బయటిమనిషి నీడ పట్టడమేవిటి? రేపేదన్నా అయితే ఆ నీడ ఎక్కడిదని నన్నడుగుతారు. నేనేం చెప్పను?"

"తాటాకుదని చెప్పండి," అంది లోవమ్మ.

ఆయన గొడుగు జప్తు చేయించారు. అయినా దుర్గారావుగారు చెడ్డవారు కారు. మీటకు నీడ ఇప్పించవలసిందని స్వయంగా పైకి రాశారు. గట్టు మీద నీడ గెజిటెడ్ అధికారులకు మాత్రమే చెల్లుతుందని, మీట గెజిటెడ్ కాదని జవాబు వచ్చింది. ఆయన పట్టు వదల్లేదు. పోటు దగ్గర పడుతోందని, లేత నారు ఉందని, దయచూడమని రాశారు. ప్రభుత్వం దయచూసింది. పున్నమికి ముందురోజు ఉత్తర్వు అందింది.

"సదరు మీటకు ఇందుమూలముగా గెజిటెడ్ హోదా ప్రసాదించబడినది. నీడ, మంచినీళ్ల కూజా, ఒక బంట్రోతు దానికి చెల్లును."

పందిరి లేచింది. కూజా వచ్చింది. బంట్రోతు వచ్చి మీట పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సింహాద్రి దేవుడికి దణ్ణం పెట్టుకుని వేలు చాపాడు.

"ఆగు," అన్నారు దుర్గారావుగారు. "దినకూలీవి. గెజిటెడ్ ఆఫీసరుని వేలెట్టి నొక్కుతావా?"

"మరెలా పనిచేయించమంటారండి?"

"మనవి చేసుకోవాలి."

"ఎవరికండి?"

"మీటకే. నా ద్వారా."

అర్జీ రాయించి మీట ముందు పెట్టారు. బంట్రోతు దాని మీద చిన్న రాయి ఉంచాడు. సాయంత్రం దాకా జవాబు రాలేదు. గెజిటెడ్ అధికారులు అర్జీకి అదే రోజు జవాబిచ్చే ఆనవాయితీ లేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పున్నమినాడు పొద్దెక్కేసరికి ఏరు ఉబ్బింది. నీళ్లు తూము మొదట్లో గుడగుడమంటున్నాయి. లోవమ్మ నారుమడి గట్టున నిలబడి మొగుడి వంకే చూస్తోంది. పచ్చగా, వేలెడెత్తున లేచిన నారు. ఇంజను మామూలుగా తిరుగుతోంది. (పని ఉన్నా లేకపోయినా కచేరీ వేళల్లో అది తిరగాలి.) సింహాద్రికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బంట్రోతును పక్కకు నెట్టి, తుపాకీ అందుకుని, మీట నొక్కేశాడు.

ఒక్క నొక్కుకే మీట పలికింది. గెజిటెడ్ ఉద్యోగంలో చేరిన తరువాత అది నిజంగా పనిచేయడం అప్పుడే. మడతబందు ఎర్రగా కరిగి అతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఇంజను ఆపండి," అన్నారు దుర్గారావుగారు. "అనుమతి లేదు."

"ఒక్క చిటికండీ, బాబ్బాబు. సగం అయిపోయింది."

డ్రైవరు ఓవర్సీరుగారి మొహం చూశాడు, సింహాద్రి మొహం చూశాడు, జీతం ఇచ్చేదెవరో గుర్తుచేసుకుని ఇంజను ఆపాడు. సగం అతికిన తలుపును పోటు ఒక తోపు తోసింది. ఉప్పునీరు నింపాదిగా, ఎవరినీ అనుమతి అడక్కుండా, నారుమడిలోకి నడిచింది. లోవమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టి మోకాలిలోతు నీళ్లలో అలాగే నిలబడింది.

విచారణకు రాఘవులుగారు పడవలో వచ్చారు. లోవమ్మ చేను మీదుగానే వచ్చారు, దారి దగ్గరని. పున్నమినాడు మీట మొదటి నొక్కుకే పనిచేసిందని అందరూ సాక్ష్యమిచ్చారు కనుక దానిలో ఏ లోపమూ లేదని తేలింది. లోపం వేలిదని తేల్చి సింహాద్రిని పనిలోంచి తీసేశారు. మీటకు హోదా పెంచి కాకినాడ బదిలీ చేశారు.

బదిలీరోజున వీడ్కోలు సభ. మీట కింద నిజంగా పనిచేసిన ఏకైక సిబ్బంది సింహాద్రి కాబట్టి దండ వేయడానికి అతన్నే పిలిపించారు. వేశాడు. వేసి, పందిరి బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాడు. లోపల ఉపన్యాసాలు సాగుతున్నాయి.

"ఎండలో ఎందుకు బావా, ఆ పందిట్లోకెళ్లి నుంచోరాదా," అంది లోవమ్మ.

"అది నా పేర రాలేదే," అన్నాడు సింహాద్రి.

మీట పడవెక్కగానే పందిరి పీకేశారు. ఆ గట్టు మీద నీడ అవసరమైనవారు ఇక ఎవరూ లేరని దుర్గారావుగారు పైకి రాసి పంపారు.