దొరసాని పోయిన రోజు

తాతబ్బాయి ఆ రోజు వేటకి వెళ్లాలనుకున్నాడు. గాలి బాగుంది. ఐసు ముందురోజే తెచ్చి పెట్టుకున్నాడు. ఇంజనులో డీజిలు పోశాడు. తన డింగీ పడవని సగం నీళ్లలోకి నెట్టాడు కూడా. అప్పుడు ఇంటి వైపు నుంచి యర్రమ్మ కేక వినిపించింది.

వెనక్కి పరిగెత్తాడు. యర్రమ్మ పెరట్లో గంప ఎత్తి పట్టుకుని కూలబడి ఉంది. గంప కింద దొరసాని పడి ఉంది. దొరసాని తెల్ల కోడిపెట్ట. బురదలో కూడా కాలు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచేది. అందుకే ఆ పేరు. ముసలిదయిపోయింది. నిద్రలోనే ప్రాణం విడిచింది.

తాతబ్బాయి తక్కువ మాటల మనిషి. ఆ తక్కువలోనే ఒకటి ఎక్కువ మాట్లాడాడు.

“కోడే కదే.”

యర్రమ్మ తలెత్తి చూసింది.

“కోడే కదా అంటావా? నువ్వు సముద్రం మీదుంటే ఈ ఇంట్లో నాతో మాటాడింది అదొక్కతే. నువ్వు ఇంటికొచ్చినా అదే మాటాడింది!”

గంప మళ్లీ దొరసాని మీద బోర్లించి, పెద్ద గొంతుతో ఏడుపు మొదలుపెట్టింది.

తాతబ్బాయి ఒడ్డుకు వెళ్లి డింగీని మళ్లీ ఇసకలోకి లాగేశాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని లెక్కలో అది క్షమాపణ. యర్రమ్మ దాన్ని చూడలేదు.

చూసింది కన్నబాబు.

ఆస్టినాబాద్ దిగువన ఉన్న ఆ ఒడ్డున పడవలున్న వాళ్లందరికీ కన్నబాబు పెద్ద. అక్కడివన్నీ శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకొచ్చి స్థిరపడిన కుటుంబాలే. వాళ్లకో కట్టుబాటు ఉంది. ఏ ఇంట్లో మనిషి పోయినా ఆ రోజు ఏ పడవా కదలదు. ఎవరు పోయారని గుమ్మంలో నిలబడి అడగడం మర్యాద కాదు. చూసి తెలుసుకోవాలి.

కన్నబాబు చూశాడు. వేటకి మంచి గాలి ఉన్నా ఇసకలోకి తిరిగొచ్చిన డింగీ. వెలగని పొయ్యి. అరుగు మీద తల దించుకున్న మొగుడు. పెరట్లో ఏడుస్తున్న పెళ్లాం. అన్నిటికన్నా ముఖ్యంగా, కొన్ని వారాలుగా కాలనీ అంతా వినిపిస్తున్న చిట్టితల్లి దగ్గు ఆ పొద్దున వినిపించడం లేదు. చిట్టితల్లి తాతబ్బాయి తల్లి. డాక్టరు మందు మార్చాడని, ముసలామె చాలా రోజులకి కంటి నిండా నిద్రపోతోందని కన్నబాబుకి ఎవరూ చెప్పలేదు.

వచ్చి తాతబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏటీ సెప్పకు తమ్ముడూ. మేమున్నాం.”

ఏమీ చెప్పక్కర్లేదన్న మాట తాతబ్బాయికి ఎంతో హాయినిచ్చింది. చెప్పలేదు. పైగా కన్నబాబు మీద గౌరవం పెరిగింది. దొరసాని రోజూ వెళ్లి కన్నబాబు వలల గుట్ట మీద పడుకునేది. అతను రోజూ దాన్ని తిట్టి తరిమేవాడు. అలాంటివాడు ఓదార్చడానికి వచ్చాడు.

కాసేపటికి ఒడ్డున పడవలన్నీ ఇసకెక్కాయి. ఆడవాళ్లు పెరట్లోకి వచ్చి యర్రమ్మ చుట్టూ కూర్చున్నారు. పక్కింటి బేబీరాణి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

“రాత్రి కూడా నా సేతి మెతుకులు తిన్నావు గదే! పొద్దున్నకి ఇలా సేసేవేటే!” అని యర్రమ్మ శోకం పెట్టింది.

బేబీరాణి అత్త అమ్మడు ముక్కు చీదింది. “సూసి నేర్సుకో. కోడలంటే అదీ.”

“ముందు నువ్వెల్లు అత్తా. నా ఏడుపు అప్పుడు సూద్దువు గాని,” అంది బేబీరాణి.

తర్వాత ఆమె లేచి, లోపలి గదిలోకి తొంగి చూసింది. చిట్టితల్లి మంచం మీద, దోమలకి నెత్తి దాకా దుప్పటి కప్పుకుని ఉంది. కదలిక లేదు.

“నిదరోతున్నట్టే ఉంది పాపం,” అని బేబీరాణి వచ్చి చెప్పింది.

“నెత్తికాడ దీపం కూడా ఎట్టలేదా?” అంది అమ్మడు.

“ఈ ఏడుపులో ఆళ్లకి తెలివుంటే కదా.”

బేబీరాణి తమ ఇంటి దీపం తెచ్చి వెలిగించి, మంచం తలవైపు స్టూలు మీద పెట్టింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి వేసింది.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. కాబట్టి తలో ఇంటి నుంచి అన్నం, పప్పు, చారు వచ్చాయి. తాతబ్బాయి మంచినీళ్ల కోసం పెరట్లోకి వస్తే యర్రమ్మ ఆ గిన్నెలన్నీ చూపించింది.

“కోడే కదా అన్నావు. సూడు. పడవలాపుకుని వచ్చారు.”

తాతబ్బాయి చూశాడు. అప్పుడతనికి మొదటిసారి అనుమానం వచ్చింది. కోడి పోతే కూర రావచ్చు గాని, చావింటికొచ్చే చారు రాదు. అరుగు మీదకి తిరిగి వచ్చాడు. కన్నబాబు అతని పక్కకి జరిగి మెల్లగా అన్నాడు.

“రంగత్‌లో ఉన్న మీ సెల్లికి ఫోన్ సేశాను. ఏడ్సుకుంటా బస్సెక్కింది. అది వచ్చేదాకా ఉంచుదామా?”

తాతబ్బాయి లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. “అన్నా, అమ్మ లోపల పడుకుంది.”

“తెలుసు తమ్ముడూ. మొదట్లో అలాగే అనిపిస్తాది.”

నిజం చెబితే ఒడ్డంతా నవ్వుతుంది. ఆ నవ్వు వచ్చి పడేది యర్రమ్మ మీద. ఆమె ఆడవాళ్ల మధ్యలో గంప పెట్టుకుని కూర్చుని ఉంది. చెప్పకపోతే సాయంత్రానికి తల్లిని ఎత్తుకుపోతారు. జీవితంలో ఎప్పుడూ అతనికి మాటలతో ఇంత అవసరం పడలేదు.

ఇంతలో వాసుదేవ్ స్కూటర్ మీద దిగాడు. కాలనీలో పుట్టినవాడే, టౌన్లో మిడిల్ పాయింట్ దగ్గర ఆఫీసు ఉద్యోగం. మంచికైనా చెడుకైనా ఫ్లెక్సు కొట్టించడం అతని అలవాటు. చంకలో ఒక ఫ్లెక్సు చుట్ట, చేతిలో బంతిపూల దండ. వెనక ఆఫీసు వాళ్లు ఇద్దరు.

“మాజీ బహుత్ అచ్ఛీ థీ, భయ్యా,” అమ్మ చాలా మంచిగా ఉండేదని అన్నారు వాళ్లు తాతబ్బాయి చేతులు పట్టుకుని.

“హై,” అన్నాడు తాతబ్బాయి, ఇంకా ఉందని.

“హా భయ్యా, దిల్ మే హై,” మనసులో ఉందిలే అని వాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

వాసుదేవ్ దండ తెచ్చి కన్నబాబు చేతికిచ్చాడు. కన్నబాబు దాన్ని పట్టుకుని పెరట్లోకి నడిచాడు. మగవాళ్లంతా వెనకే వచ్చారు. అతను లోపలి గది తలుపు తొయ్యబోయేసరికి, తలుపు దానంతటదే తెరుచుకుంది.

గుమ్మంలో చిట్టితల్లి నిలబడి ఉంది. ఒక చేతిలో ఖాళీ గ్లాసు, ఇంకో చేతిలో వెలుగుతున్న దీపం.

“పట్టపగలు నా నెత్తికాడ దీపమెట్టింది ఎవరర్రా? టీ ఇచ్చేవోళ్లు లేరు గాని, దీపమెట్టడానికి మాత్రం ఉన్నారు.”

బేబీరాణి తన అత్త వెనక్కి జరిగింది. చిట్టితల్లి జనాన్ని చూసింది, కన్నబాబు చేతిలో దండ చూసింది.

“ఎవరు పోయారు?”

యర్రమ్మ గంప ఎత్తింది. “దొరసాని, అత్తా.”

“ఓలమ్మా!” అని ముసలామె దీపం గంప పక్కన పెట్టి చతికిలబడింది.

అందరూ కోడిని చూశారు. తర్వాత కన్నబాబుని చూశారు. తర్వాత అవతల ఖాళీగా ఉన్న సముద్రాన్ని చూశారు. వెనక ఎవరో ముక్కుతో నవ్వారు. యర్రమ్మ ఏడుపు ఆపి, ఎవరా అని తల తిప్పింది.

తాతబ్బాయి ముందుకొచ్చాడు.

“అన్నా, నా ఆడది ఏడ్సింది. ఆ ఏడుపు ఇని నాను ఎల్లలేకపోయాను. నువ్వేటీ అడగలేదు, నానేటీ సెప్పలేదు.”

అతను ఒకేసారి అంత మాట్లాడటం ఆ కాలనీ ఎప్పుడూ వినలేదు.

కన్నబాబు దండ వైపు చూశాడు. పడవలన్నీ ఆపింది తనే. ఆ కోడి గొప్పదైనా అయ్యుండాలి, తను తెలివితక్కువవాడైనా అయ్యుండాలి. మూడో దారి లేదు.

“నవ్వింది ఎవడ్రా?” అని అరిచాడు. “ఈ బేబీరాణి బాలింతగా ఉన్నప్పుడు తిన్నది ఎవరి గుడ్లు? నా మనవడికి జొరం తగ్గాక మొదటి ముద్ద ఏటితో తిన్నాడు? ఈ ఒడ్డున అది గుడ్డెట్టని ఇల్లుందా?”

లేదు. దొరసాని సొంత గంపలో గుడ్డు పెట్టడం ఎవరూ చూడలేదు. అందరి ఇళ్లలోనూ పెట్టేది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చింది. అమ్మడు నిజంగానే ఏడ్చింది.

కన్నబాబు వెళ్లి తన వలల గుట్టలోంచి ఒక ముక్క కోసుకొచ్చాడు. “ఇది దీని మంచమే కదా,” అని దొరసానిని అందులో చుట్టాడు. దండ వేశాడు. “ఎత్తండి,” అన్నాడు.

ఎత్తారు. ఒడ్డున చివరి కొబ్బరిచెట్టు దాకా అందరూ నడిచారు. ఆఫీసు వాళ్లిద్దరూ ఎందుకో అర్థం కాకపోయినా నడిచారు.

“కోడికే అంత ఏడ్సిందంటే అత్తకి ఎంతేడుస్తాదో!” అంది అమ్మడు దారిలో.

బేబీరాణి అడుగులు తొందర చేసింది. దీపం సంగతి అత్త ఎక్కడ ఎత్తుతుందోనని భయం.

ఇంటి దగ్గర చిట్టితల్లి, వాసుదేవ్ మిగిలారు. ఆమె అతని చేత టీ పెట్టించుకుంది. చంకలో ఉన్న ఫ్లెక్సు చుట్ట విప్పమంది. అతను తప్పదని విప్పాడు. ఆమె తన ఫొటోని చాలాసేపు చూసింది.

“బాగా వచ్చాను. కింద ఏటి రాసుంది?”

“హిందీ, మామ్మా. పిల్లలకి తెలుగు చదవడం రాదని.”

“నాను సచ్చిపోయానని రాసుంటాది. అది కోసీ.”

వాసుదేవ్ కత్తెర తెచ్చి కోశాడు.

“నా వంతుకి కూడా జనం ఇంతమందీ రావాల. కోడికన్నా ఒక్కడు తగ్గినా నాను ఎల్లను,” అంది ముసలామె.

సాయంత్రం తాతబ్బాయి చెల్లెలు బస్సు దిగి ఏడ్చుకుంటూ వచ్చింది. తల్లి ఎదురొచ్చి, “ఎవరు పోయారే?” అని కంగారుపడింది. ఎలాగూ వచ్చాను కదా అని చెల్లెలు వారం రోజులు ఉండిపోయింది.

యర్రమ్మ అరుగు మీద మొగుడి పక్కన కూర్చుంది. “కోడే కదా అన్నావు.”

“అన్నాను.”

“మరి?”

“తప్పు,” అన్నాడు తాతబ్బాయి.

ఆమెకి అది చాలింది.

కోసిన ఫ్లెక్సుని ఇప్పుడు డింగీ ఇంజను మీద వాన పడకుండా కప్పుతున్నారు. ఆ విధంగా చిట్టితల్లి రోజూ వేటకి వెళ్లి వస్తోంది.